మూగ మీట

"ఆ మూత మీంచి చెయ్యి తియ్యి వదినా. మేస్త్రీగారు పని చేసుకోవాలి."

"తియ్యను."

పెద్దకోడలు ఆ ఒక్క ముక్కే అంది. అరచెయ్యి పియానో మూత మీద ఇంకాస్త గట్టిగా ఆనించింది.

పియానో మేస్త్రీ అప్పటికే ముందు పలక ఊడదీసి గోడకి చేరవేశాడు. లోపలి తీగలూ సుత్తులూ దుమ్మూ అన్నీ పట్టపగలు బయటపడ్డాయి. ఆయన నోట స్క్రూడ్రైవర్ కరుచుకుని, నేల మీద మోకాళ్ళు ఆనించి, ఒకసారి ఆమె మొహమూ ఒకసారి మరిది మొహమూ చూస్తున్నాడు. ఎన్ని ఇళ్ళ గొడవలు చూసుంటాడో, ఇలాంటప్పుడు కనుబొమ్మ కూడా కదపకూడదని నేర్చుకున్న మనిషి.

"అన్నయ్య పేరు మీద కచేరీ. ఈ పియానో ఆదివారం హాలుకి వెళ్ళాలి. అందరిముందూ ఒక మీట పలక్కపోతే పరువుంటుందా?" అన్నాడు మరిది.

"మీట మూగదైతే పరువు పోతుంది. మనిషిని మూగదాన్ని చేస్తే పోదు కాబోలు."

"మళ్ళీ మొదలెట్టకు."

"మొదలెట్టింది నేనా? రేడియోలో కూర్చుని ఊరందరికీ చెప్పింది నేనా?"

ఆ రేడియో మాట ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. 'కిటికీ పాట' అని వాళ్ళింట్లో పిలుచుకునే పాట ఒకటుంది. ఎప్పటిదో పాత పాట. జాజ్ వాయించేవాళ్ళందరూ వాయిస్తారు, ఎవరి పద్ధతిలో వాళ్ళు. ఈ ఇంటి బృందం వాయించేటప్పుడు మాత్రం ఒకచోట కింద కార్డ్ మారుతుంది. నాలుగు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కే గుత్తిని ఈ ఇంట్లో పిల్లా పెద్దా కార్డ్ అనే అంటారు. వినేవాళ్ళు ఒకదాని కోసం ఎదురు చూస్తుంటే ఇంకొకటి పడుతుంది. ఒళ్ళు జలదరిస్తుంది. జనం కచేరీకొచ్చేదే ఆ ఒక్క జలదరింపు కోసం.

ఆ కార్డ్ ఎవరి ఆలోచన అని రేడియో ఆవిడ అడిగింది. మరిది నవ్వుతూ చెప్పాడు, "ఇంకెవరిది? పోయిన మా అన్నయ్యదే. చేతులు వదినవి, బుర్ర అన్నయ్యది."

పెద్దకోడలు అప్పుడు గిన్నె తోముతోంది. ఆ తర్వాత చాలాసేపు ఆ గిన్నే తోముతూ ఉండిపోయింది.

భోజనాల దగ్గర ఇదేమిటని అడిగితే మరిది కంచంలోంచి తల ఎత్తలేదు. "అంత కష్టంగా ఉంటే ఆదివారం నువ్వు వాయించకులే వదినా. చిన్నది వాయిస్తుంది," అన్నాడు. చిన్నది అంటే అతని భార్య. సంగీత కళాశాలలో పియానో చదువుకుని, మొన్నమొన్ననే కోడలుగా వచ్చిన పిల్ల.

అంతే. పెళ్ళై వచ్చిన నాటినుంచీ కూర్చున్న స్టూలు, కంచాలు ఎత్తేలోగా చెయ్యి మారిపోయింది. హాలు ముందు పెట్టే బోర్డు కూడా రాయించేశాడు. పైన పెద్ద అక్షరాల్లో అన్నయ్య పేరు. దాని కింద, 'కిటికీ పాట కార్డ్‌ల సృష్టికర్త' అని.

"అమ్మాయ్," అంది కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు. ఇంతసేపూ కళ్ళు మూసుకుని ఉంది గానీ చెవులు మూసుకోలేదు. "పోయినవాడి పేరు మీద ఏమిటే నీ ఏడుపు?"

"ఆయన పేరు మీద కాదు అత్తయ్యా. నా పని మీద."

"నీ పని, వాడి పని అని వేరేగా ఉండేదా? ఒక కంచం, ఒక మంచం."

"కంచం తోమింది నేను కదా అత్తయ్యా. ఆ సంగతి బోర్డు మీద రాయించమనట్లేదు. ఇది మాత్రం రాయించాలి."

మేస్త్రీ నోట్లోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. "అమ్మా, ఈ మీటది సుత్తి కాడ విరిగింది. సరిపోయేది నా సంచిలో లేదు. షాపులో వెతుక్కుని వస్తాను. ఈలోగా మీరూ మీరూ..." వాక్యం పూర్తి చేయకుండానే సంచి అందుకున్నాడు. అంత చురుగ్గా ఆయన ఏ పనీ చేసి ఉండడు.

"తేవడం తెండి. వేసేది మాత్రం నన్నడిగే వెయ్యండి," అంది పెద్దకోడలు ఆయన వీపుతో.

"ఎందుకంత పట్టుదల?" మరిది గొంతులో మర్యాద అడుగంటింది. "చచ్చిన మీట అది!"

"ఆ మీట చచ్చింది కాబట్టే ఆ కార్డ్ పుట్టింది. అది అలాగే ఉన్నంతకాలం నా మాటకి సాక్ష్యం ఉంది. బాగుచేసి కూర్చోబెట్టాక నేనెవరికి చూపించాలి?"

మరిది పగలబడి నవ్వాడు. "విన్నావా అమ్మా? బుర్రలోంచి పుట్టలేదట, రిపేరులోంచి పుట్టిందట!"

అత్తగారు నవ్వలేదు. అలాగని కొడుకుని ఆగమనీ అనలేదు. పెద్దకోడలికి ఒళ్ళు మండింది ఆ నవ్వుకి కాదు. నవ్వుతున్న మనిషి గడ్డం, పెదవి పక్క సొట్ట, అచ్చం వాళ్ళన్నయ్యవే.

"మధ్యాహ్నం బాబాయ్ వస్తాడు. రిహార్సల్. చప్పుడు చేయకుండా ఉంటే చాలు," అని మరిది చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ముందు పలక లేక పియానో నోరు తెరుచుకుని గదిలో వాళ్ళని చూస్తూ ఉండిపోయింది.

* * *

పెద్దకోడలు చిక్కుళ్ళు తుంచుతోంది. తుంచుతోందనడం కంటే విరిచేస్తోందనాలి.

"అక్కా," అంటూ చిన్నకోడలు గుమ్మంలో నిలబడింది. "నా మీద కూడానా కోపం?"

"నీ మీద లేకపోతే మరెవరి మీద? ఆదివారం నా స్టూలు మీద కూర్చునేది నువ్వేగా."

"కూర్చోబెట్టమని నేనడిగానా?"

"వద్దని అన్నావా?"

చిన్నకోడలు వచ్చి ఎదురుగా కూర్చుని, గుప్పెడు చిక్కుళ్ళు తన వైపు లాక్కుంది. కాసేపు ఇద్దరూ కాయలతోనే మాట్లాడుకున్నారు.

"ఆయన ఆ కార్డ్ పాటలో అన్నిచోట్లా వెయ్యమంటున్నారు," అంది చివరికి. "జనం చప్పట్లు కొట్టేది దానికేనట. ఒక్కసారే ఎందుకు, నాలుగుసార్లు కొట్టనీ అంటున్నారు."

పెద్దకోడలికి ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. "ఉప్పు సరిపోయిందని మెచ్చుకుంటే ఇంకో గుప్పెడు వేసినట్టుంది."

"మూడో వరసలో వేస్తుంటే కొరుకుతోంది అక్కా."

"కొరకదా మరి! అక్కడ మీ ఆయన సాక్సోఫోన్ మీద డి స్వరం పట్టుకుని ఊపిరున్నంతసేపూ కదలడు. కింద నువ్వు దాన్ని ఆనుకున్న డి-ఫ్లాట్ తెచ్చి పెడితే ఎలా పడుతుంది? పక్కపక్క గదుల్లో తోడికోడళ్ళని పెట్టి, మధ్య తలుపు తీసినట్టు ఉంటుంది."

చిన్నకోడలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతున్నదీ నవ్వించిందీ ఎవరెవరో గుర్తొచ్చి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

"అది నాకూ తెలుసు," అంది చిన్నకోడలు నెమ్మదిగా. "చెబితే కాలేజీ కబుర్లు నా దగ్గర చెప్పకు అంటారు."

"అంటాడు. నేను చెబితే వంటింటి కబుర్లు అంటాడు. మొత్తానికి మనిద్దరికీ చెరో గది ఇచ్చాడు."

"మొదటి వరసలో మాత్రం అంత బాగా ఎలా కూర్చుంది అక్కా? ఎలా తోచింది మీకు?"

పెద్దకోడలు చేతిలో కాయ పక్కన పెట్టింది. తోచింది మీకు, అంది ఆ పిల్ల. బావగారికి అనలేదు. ఈ ఇంట్లో ఆ మాట ఇన్నాళ్ళకి ఒకళ్ళ నోటినుంచి వచ్చింది. వచ్చిన నోరు ఎవరిదో చూస్తే మళ్ళీ కోపం రావాలి గానీ, రాలేదు.

"మామూలుగా ఎలా వెళ్తుంది పాట? కింద డి, తర్వాత జి, ఆ తర్వాత సి. సి అంటే ఇల్లు. జి దగ్గరికి రాగానే ఇంక ఇంటికేనని వినేవాడికి తెలిసిపోతుంది. జి కార్డ్‌లో అలా ఇంటికి లాగేవాళ్ళెవరు?"

"లోపలి రెండు స్వరాలు. ఎఫ్, బి."

"వాటికి ఒకదాంతో ఒకటి పొసగదు. అందుకే పద పద ఇంటికి అని తొందరపెడతాయి. అవే రెండు డి-ఫ్లాట్ కార్డ్‌లోనూ ఉన్నాయి. లోపల కాపురం ఉండేవాళ్ళు వాళ్ళే. గుమ్మం మీద పేరొక్కటే మారింది. కింద డి, డి-ఫ్లాట్, సి. మెట్లు దిగినట్టు దిగిపోతాం. ఆ చోట సాక్సోఫోన్ ఎఫ్ మీదే ఉంటుంది కాబట్టి ఎవరినీ కరవదు."

"దీనికి మా పుస్తకాల్లో..."

"ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్. తెలుసు. లోకంలో నాకంటే ముందు ఎంతోమంది వాయించారనీ తెలుసు. నేనే కనిపెట్టానని అనట్లేదు కదా. ఈ పాటలో, ఈ ఇంట్లో, ఆ చోట పెట్టింది నేను. ఆ ఒక్కటే నేనడిగేది."

"మరి మీట సంగతి?"

"మీ బావగారు ట్రంపెట్ పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నారు. నేను పియానో మీదా, బాబాయ్ బాస్ తీగల మీదా ఈ ఇంట్లోనే సాధన చేసుకుంటున్నాం. అంతకుముందే అత్తయ్య పియానో మీద పూలకూజా ఒలకబోశారు. నీళ్ళు దిగి ఎడమచేతి కింద జి ఉబ్బింది. ఎవరో బలవంతాన నొక్కారు, సుత్తి విరిగింది. దాని కింద జి వేస్తే బొంగురు. పైది వేద్దామంటే కుడిచేతికి అడ్డం. అక్కడికొచ్చేసరికి రోజూ నా చెయ్యి గుంటలో పడేది. కింద టక్కుమని చెక్క చప్పుడు, పైన నా ఎఫ్, బి మాత్రం గాల్లో వేలాడుతుండేవి. ఒకరోజు ఆ గాల్లోవాటిని విన్నాను. వీటికి ఇంకో నేల ఉందే అనిపించింది. 'బాబాయ్, జి మీదకి పోకండి, ఒక్క మెట్టు దిగి నాతో రండి' అన్నాను. దిగాడు."

"బావగారు?"

"వచ్చి విన్నారు. తప్పన్నారు. మళ్ళీ వాయించమన్నారు. తర్వాత ఏమీ అనలేదు. స్టేజీ మీద వేయించారు. జనం లేచి నిలబడ్డారు. ఎవరిది ఈ ఆలోచన అని ఎవరో అడిగితే నవ్వారు."

"నవ్వారా? అంతేనా?"

"అంతే. ఆ నవ్వుకి ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. నేను పక్కనే ఉన్నాను."

"మీరెందుకు చెప్పలేదక్కా?"

పెద్దకోడలు లేచింది. లేచిన విసురుకి గిన్నె కదిలి కాయలు నేలపాలయ్యాయి. ఏరడానికి ఇద్దరూ వంగలేదు.

"నవ్వుతున్న మొగుడి పక్కన నిలబడి, అందరిముందూ అబద్ధం అని ఎలా అనను? బతికున్నన్నాళ్ళూ ఆయన పరువు అన్నారు. పోయాక ఆయన జ్ఞాపకం అంటున్నారు. నా వంతు ఎప్పుడు చెప్పు? నేను కూడా పోయాకనా?"

ముందు గదిలో అత్తగారి కుర్చీ కిర్రుమంది. ఎంత విందో ఏమో.

* * *

బాబాయ్ మనిషెత్తు బాస్ వాద్యం మోసుకుంటూ వచ్చాడు. ఆయన వచ్చాడంటే ముందు ఆ చెక్క బొజ్జే గుమ్మం దాటుతుంది, ఆ వెనక మనిషి. మామగారి తమ్ముడు. బృందం మొదలైన నాటినుంచీ ఉన్నవాడు. ఈమధ్య వేళ్ళు కాస్త వణుకుతున్నాయి. ఆ సంగతి మరిది ఎరుగును. మరిది ఎరుగునని బాబాయ్ కూడా ఎరుగును.

"ఏం వదినా, కులాసాయేనా?" అన్నాడు అత్తగారితో.

"ఈ ఇంట్లో కులాసా ఎక్కడిది? కూర్చో."

పెద్దకోడలు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. లోపలే ఉండాలనుకుంది గానీ, కాళ్ళు వినలేదు. తన స్టూలు మీద ఇంకొకళ్ళ వీపు చూడటం అదే మొదటిసారి. చిన్నకోడలు కూర్చునేముందు స్టూలు ఎత్తు కూడా మార్చుకోలేదు. మునివేళ్ళ మీద సర్దుకుంది.

"కిటికీ పాట. కార్డ్ అన్నిచోట్లా. నేను చెప్పినట్టే," అన్నాడు మరిది.

మొదలెట్టారు.

మొదటి వరస చివర ఆ చోటు వచ్చింది. కింద బాబాయ్ మెట్టు దిగాడు, పైన ఆ రెండు స్వరాలూ నిలిచాయి. గదిలో గాలి మారింది. పెద్దకోడలి ఎడమచెయ్యి కొంగు కింద తనంతట తానే కదిలింది.

రెండో వరస ఏదో గట్టెక్కింది. మూడో వరసలో మరిది డి పట్టుకుని గుండెనిండా ఊదాడు. కింద డి-ఫ్లాట్ వచ్చి పడింది.

కుర్చీలో అత్తగారు ఉలిక్కిపడింది.

"ఆపు ఆపు!" మరిది సాక్సోఫోన్ నోట్లోంచి లాగేశాడు. "తప్పు నొక్కావు."

"తప్పు కాదు. మీరు వెయ్యమన్నదే వేశాను."

"సరిగ్గా వెయ్యమన్నాను. మా అన్నయ్య వేసినట్టు."

"బావగారు పియానో వాయించేవారా?" అని అడిగింది చిన్నకోడలు.

అమాయకంగా అడిగిందో, కావాలనే అడిగిందో. ఆ ఇంట్లో గోడ మీది ఫోటోలో కూడా ఆయన చేతిలో ఉన్నది ట్రంపెట్టే.

"వాయించక్కర్లేదు," అన్నాడు మరిది. "అన్నయ్య చెప్పేవాడు, వదిన వాయించేది."

"ఎప్పుడు చెప్పారు?" పెద్దకోడలు గుమ్మం వదిలి ముందుకొచ్చింది. "ఏ గదిలో చెప్పారు? ఎలా చెప్పారు? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. నీకెవరు చెప్పారు?"

"అందరికీ తెలిసిందే."

"అప్పుడు ఇక్కడున్నది నేను కాక ఒక్కరే. బాబాయ్, మీరు చెప్పండి. ఆ రోజు జి మీదకి పోవద్దని మీతో అన్నదెవరు?"

బాబాయ్ బాస్ మెడ పట్టుకుని దాని వెనకనుంచి చూశాడు. మరిది ఆయన్నే చూస్తున్నాడు. ముఖ్యంగా ఆయన వేళ్ళని.

"ఎప్పటి మాటో... నాకు గుర్తులేదమ్మాయ్," అన్నాడు.

ఆమెకి ఏడుపు వస్తుందనుకున్నారు కాబోలు అందరూ. రాలేదు. మొహం ఎర్రగా కందిపోయింది.

"గుర్తులేదా? అన్నం పెట్టినవి, మందులు తెచ్చినవి మర్చిపోండి బాబాయ్, నేను అడగను. ఇది ఎలా మర్చిపోతారు? ఆ రోజు మీరు బాస్ కింద పెట్టి, 'అమ్మాయ్, నా జన్మకి ఇది చాలు' అన్నారే! అదీ గుర్తులేదా?"

బాబాయ్ తలొంచుకున్నాడు.

"లే," అంది పెద్దకోడలు తోడికోడలితో. చిన్నకోడలు లేచి పక్కన నిలబడింది. మరిది ఏదో అనబోయాడు. ఆమె అటు చూడలేదు.

కూర్చుంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కుడిచేత్తో డి కార్డ్ మెల్లగా వేసింది. బాబాయ్ చెయ్యి అలవాటుగా కింద డి మోగించింది. అప్పుడామె ఎఫ్, బి మాత్రం నొక్కి పట్టుకుంది. ఆ రెండూ పొసగక, విడిపోలేక, గాల్లో నిలబడ్డాయి.

"కింద మీ ఇష్టం బాబాయ్. ఏ పేరు వేస్తారో వెయ్యండి."

ఆ రెండు స్వరాలూ సన్నగిల్లుతున్నాయి. బాబాయ్ వేలు తీగ మీద వణికింది. జారింది. డి-ఫ్లాట్ మోగింది.

"అలవాటు!" అని అరిచాడు మరిది. "ఇన్నేళ్ళూ వాయించిందే వాయించాడు. దాంతో ఏం తేలింది?"

"ఏమీ తేలలేదురా," అన్నాడు బాబాయ్. "నోటికి భయం ఉంది. వేలికి లేదు, అంతే. ఇప్పుడు నోటితోనే చెబుతున్నా విను. మీ అన్నయ్య ఆ రోజు ఊళ్ళో లేడు. చెప్పింది ఈ పిల్లే. నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకుంటావో, పెట్టుకో."

సాక్సోఫోన్ మరిది మెడలో వేలాడుతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

కిటికీ పక్కనుంచి అత్తగారి గొంతు వచ్చింది. "అంటే నా పెద్దకొడుకు అబద్ధమాడాడా?"

ఇదే. ఈ ప్రశ్న వస్తుందనే ఇన్నేళ్ళూ నోరు కట్టుకుంది పెద్దకోడలు. ఎన్నో జవాబులు మనసులో దిద్దుకుని ఉంచుకుంది. అవేవీ ఇప్పుడు పనికిరాలేదు.

"ఆడలేదు అత్తయ్యా. అడిగినవాళ్ళని చూసి నవ్వారు. అబద్ధమైతే ఎదురు మాట అనేదాన్ని. నవ్వుకి ఏమనను?"

అత్తగారు కొడుకు ఫోటో వైపు చూడలేదు. తెరిచి ఉన్న పియానో వైపు చూసింది. తనలో తను అనుకున్నట్టు అంది.

"కూజా ఒలకబోసింది నేనే. వాడొచ్చి తిడతాడని తుడిచేశాను. అప్పుడు రోజూ ఈ గదిలో ఒకటే చప్పుడు, ఒకే చోట. నూరిందే నూరుతావేమే, తలనొప్పి వస్తోందని అరిచాను." ఆగింది. "అరిచింది నీ మీదే. వాడి మీద కాదు."

పెద్దకోడలి వేళ్ళు మీటల మీదే ఉండిపోయాయి.

"సరే," అన్నాడు మరిది. "మీరంతా ఒకటయ్యారు. బోర్డు మీద అక్షరం మారదు. అన్నయ్యని దొంగని చేసి నేను స్టేజీ ఎక్కను. అన్నయ్య పేరుంటే నేనుంటాను, లేదంటే లేను. ఆదివారం సాక్సోఫోన్ ఎవరు ఊదుతారో చూసుకోండి."

అదే సమయానికి మేస్త్రీ లోపలికొచ్చాడు. చేతిలో సన్నటి సుత్తి, మొహం నిండా సంతోషం. "దొరికిందండీ! ఊరంతా తిరిగాను." అందరి మొహాలూ చూశాక ఆ సంతోషం సగంలో ఆగింది. "ఇంతకీ... వేసెయ్యనా, వద్దా? ఎవర్ని అడగాలి?"

పియానో అత్తగారిది. పెళ్ళయిన కొత్తలో ఆవిడకి భర్త కొనిచ్చింది. మరిది తల్లి వైపు చూశాడు. అడగక్కర్లేదన్నట్టు చూశాడు.

"పెద్దకోడల్ని అడుగు," అంది అత్తగారు. "వాయించేది అది."

పెద్దకోడలు చచ్చిన మీటని ఒకసారి నొక్కింది. టక్కుమంది, అంతే. ఎన్నేళ్ళ చప్పుడు! ఈ చప్పుడు ఒక్కటే తన వైపు మాట్లాడుతుందని పొద్దున్న దానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వేసెయ్యండి," అంది.

మరిది తెల్లబోయాడు. "సాక్ష్యం పోతుందన్నావుగా?"

"పోనీ. ఆ రోజు దారి లేక పక్కకి తిరిగాను. ఆదివారం దారి ఉండగానే తిరుగుతాను. ఆ మీట ఎంత చక్కగా మోగినా సరే, నేను దాని మీదకి పోను. వినేవాళ్ళకి అప్పుడు తెలుస్తుంది, చేతులూ నావే, బుర్రా నాదే అని."

మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మరిది సాక్సోఫోన్ విప్పి పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు. గొళ్ళాలు ఒకదాని తర్వాత ఒకటి టక్కుమన్నాయి. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి భార్యని చూశాడు.

"పద."

చిన్నకోడలు కదల్లేదు. అక్క భుజం మీంచి చెయ్యి చాపి, ఎఫ్, బి ఆ రెండు మీటలే నొక్కింది. అతను వింటున్నాడని తెలిసీ వేళ్ళు తియ్యలేదు.

మరిది గడప మీదే ఆగిపోయాడు, ఒక కాలు లోపలా, ఒక కాలు బయటా. ఆ రెండు స్వరాలూ ఇంటికి పద పద అంటూనే ఉన్నాయి. కింద ఎవరూ ఏదీ వెయ్యలేదు.